వినుట – ఒక చిన్న ఆంగ్ల పదము నేర్పు పెద్ద పాఠము

పాఠ్యభాగములు: ద్వితీయోపదేశకాండము 6:4–9, 1 సమూయేలు 3:1–10, యాకోబు 1:19–25



ఈ మాసపు పాఠమునకు ఒక ఆంగ్ల పదమును తీసికొనుచున్నాము. అది 'లిసన్' అను పదము. మన పిల్లలు బడిలో అడుగుపెట్టిన మొదటి వారములోనే ఉపాధ్యాయుని నోట వినుచుండు మాట ఇది. వినుము, ఆలకించుము అని దీని అర్థము. ఆంగ్లములో వ్రాసినప్పుడు దీనికి ఆరు అక్షరములు: ఎల్, ఐ, ఎస్, టి, ఇ, ఎన్. ఆంగ్లము చదువనివారు ఇంటిలోని పిల్లలచేత ఈ అక్షరములను పలకమీద వ్రాయించి, ప్రక్కన ఉంచుకొని ఈ పాఠము చదువుకొనవచ్చును.

ఇంత చిన్న మాటలో ధ్యానించుటకు ఏమున్నదని మీరు అడుగవచ్చును. మాటకు ఒక పుట్టుక ఉన్నది. ఆ పుట్టుక దాని అర్థమును తేటపరచును. మాటకు అక్షరముల కూర్పు ఉన్నది. ఆ కూర్పు మనకు ఒక జ్ఞాపకపు గురుతు కాగలదు. అంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. ఏలీ దినములలో యెహోవా వాక్కు అరుదుగా వచ్చుచుండెనని చదువుచున్నాము (1 సమూ. 3:1). మన దినములలో వాక్యమునకు కరవు లేదు. ఆదివారము గుడిలోను, బుధవారము గృహకూటములోను, రాత్రింబగళ్లు చేతిలోని ఫోనులోను వాక్యము వచ్చుచునే యున్నది. కరవైనది వినువాడే. కావున వినుటను గూర్చి కొంతసేపు ఆలోచించుట మనకు మేలు.

1. వినబడుట వేరు, వినుట వేరు

ఆంగ్లములో చెవి పనికి రెండు మాటలున్నవి. 'హియర్' అనునది మొదటిది. శబ్దము చెవిని పడుట దాని భావము. నిద్రించుచున్నవాని చెవినికూడ శబ్దము పడును. 'లిసన్' అనునది రెండవది. మనస్సును ఆ శబ్దమువైపు త్రిప్పి, ఏమి చెప్పబడుచున్నదో తెలిసికొనవలెనని పూనుకొనుట దాని భావము. మన తెలుగులోను ఈ భేదము కలదు. గుడిగంట అందరికి వినబడును. ప్రసంగము వినబడవచ్చును, వినవచ్చును. ఈ రెండును ఒకటి కాదు. చెవియొగ్గుట, చెవిని వేసికొనుట, పెడచెవిని పెట్టుట, ఈ చెవిని విని ఆ చెవిని విడుచుట అని మన పెద్దలు వినుటలోని తారతమ్యములను ఎంత చక్కగా విభజించి చెప్పిరో చూడుడి.

మరియొక సంగతి. ఒక తల్లి తన కుమారునిగూర్చి, "వీడు నా మాట వినడండీ" అని పాస్టరుగారితో చెప్పినయెడల, ఆ పిల్లవానికి చెవుడని ఎవరును అనుకొనరు. వాడు విధేయుడు కాడని అందరికి తెలియును. తెలుగులో మాట వినుట అనగా ఆ మాట చొప్పున నడచుకొనుటయే. ఈ సంగతిని మనస్సున ఉంచుకొనుడి. బైబిలు భాషలయొద్దకు వచ్చినప్పుడు ఇది మరల మనకు ఎదురగును.

2. ఆ మాట ఎక్కడనుండి వచ్చినది?

'లిసన్' అను మాట ఆంగ్ల భాషలోనికి పరాయి దేశమునుండి తెచ్చుకొనినది కాదు. వెయ్యి సంవత్సరములకు పూర్వమే ఆ భాషలో అది 'హ్లిస్నన్' అను రూపమున ఉండెను. కాలక్రమమున మొదటనున్న 'హ' అను శబ్దము రాలిపోయెను. అదే అర్థముగల 'లిస్ట్' అను మరియొక పాత మాట సహవాసముచేత మధ్యలో 'టి' అను అక్షరము వచ్చి చేరెను. ఇప్పుడు ఆ 'టి' వ్రాతలో ఉన్నది గాని పలుకులో లేదు. పిల్లలు దానిని విడిచి వ్రాసినయెడల ఉపాధ్యాయుడు తప్పు దిద్దును. పలికినయెడల అప్పుడును తప్పు దిద్దును. వినుమని చెప్పు మాట మధ్యలోనే నోరు మూసికొనిన అక్షరమొకటి కూర్చుండియున్నది!

దీనికంటె లోతైన చుట్టరికము ఒకటి కలదు. 1786వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో విలియం జోన్సు అను న్యాయాధిపతి ప్రసంగించుచు, సంస్కృతము, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలమునుండి పుట్టియుండవలెనని చెప్పెను. తరువాతి పండితులు ఆ దారిని వెంబడించి, ఆంగ్లమును ఆ కుటుంబములోనిదేయని స్థిరపరచిరి. ఆ కుటుంబములో వినుట అను అర్థముగల ఒక ప్రాచీన ధాతువు ఉన్నది. అది సంస్కృతమున 'శ్రు' అయ్యెను. ఆంగ్లమున 'లిసన్' అయ్యెను. మన తెలుగు ఆ కుటుంబములోనిది కాదు. అది ద్రావిడ భాష అనియు, తమిళ కన్నడములు దానికి తోబుట్టువులనియు తిరునల్వేలి ప్రాంతమున సేవచేసిన మిషనెరీ రాబర్టు కాల్డ్వెల్ 1856లో ప్రచురించిన వ్యాకరణ గ్రంథమున విశదపరచెను. 'విను' అనునది మన సొంత మాట. అయినను సంస్కృతము ద్వారా 'శ్రు' ధాతువు సంతానము మన యింటికిని వచ్చి చేరెను. శ్రవణము, శ్రోత, శ్రుతి అను మాటలన్నియు దానినుండి పుట్టినవే. ఆ విధముగా మన పిల్లవాడు బడిలో పలుకు 'లిసన్', హార్మోనియము వాయించువాడు సరిచూచుకొను 'శ్రుతి' దూరపు బంధువులు.

ఆ సంతానములో ఒక మాటను ప్రత్యేకముగా చూడవలెను. అది 'శుశ్రూష'. రోగికి చేయు సేవను మనము శుశ్రూష అందుము. అయితే ఆ మాటకు మొదటి అర్థము 'వినవలెనను కోరిక'. గురువు మాట వినగోరు శిష్యుడు గురువుకు సేవచేయును గనుక, వినగోరుట అను అర్థము సేవ అను అర్థముగా మారెను. పిమ్మట రోగి సేవకు ఆ పేరు నిలిచెను. ఎంత సత్యమైన మార్పు! ఆస్పత్రిలో అర్ధరాత్రి రోగి మూలుగు విని లేచి వచ్చు నర్సమ్మను తలంచుకొనుడి. ఆమె చేయు సేవయంతయు చెవినుండి మొదలగుచున్నది. వినని చోట శుశ్రూష లేదు.

ఆ ధాతువుకే ఆంగ్లమున మరియొక బిడ్డ కలదు. అది 'లౌడ్', అనగా బిగ్గరయైన అని అర్థము. లౌడు స్పీకరులోని 'లౌడ్' అదే. వినుటయు బిగ్గరతనమును ఒక తల్లి బిడ్డలే గాని, ఒకే ఇంటిలో ఇద్దరికి పొసగుట కష్టము. మన ఉజ్జీవ కూటములలో సౌండు పెట్టెలు పెరిగినకొలది వినుట పెరిగినదా అని సంఘ పెద్దలు ఆలోచింతురు గాక.

3. బైబిలు భాషలలో వినుట

హెబ్రీ భాషలో వినుటకు 'షామా' అను మాట కలదు. ద్వితీయోపదేశకాండము 6:4లో మోషే ఇశ్రాయేలును పిలిచిన పిలుపు ఈ మాటతోనే ఆరంభమగును. అందుచేతనే యూదులు ఆ భాగమునకు 'షెమా' అని పేరు పెట్టి, ఉదయ సాయంకాలములయందు దానిని పఠించుదురు. హెబ్రీ భాషలో విధేయతకు వేరుగా ఒక మాట వెదకనక్కరలేదు. 'షామా' అనగా వినుటయు, లోబడుటయు. సౌలుతో సమూయేలు బలికంటె మాట వినుట శ్రేష్ఠమని చెప్పినప్పుడు (1 సమూ. 15:22) ఆయన వాడినది ఈ మాటయే. మన తల్లులు "మాట వినడు" అని చెప్పునది హెబ్రీ భక్తులకు వెంటనే అర్థమై యుండును.

సొలొమోను గిబియోనులో దేవునియొద్ద ఏమి కోరెనో మీకు తెలియును. మన తెలుగు బైబిలులో అది వివేకముగల హృదయము. హెబ్రీలో ఉన్న మాటలకు సరిగా అర్థము 'వినునట్టి హృదయము' (1 రాజులు 3:9). రాజునకు కావలసినది వినగల హృదయమని ఆ యౌవనస్థునికి తెలిసెను. తీర్పు తీర్చువాడు ముందు వినవలెను గదా.

ఈ 'షామా' మన పేరులలోను నిలిచియున్నది. హాగరు మొర దేవుడు వినెను గనుక ఆమె బిడ్డ ఇష్మాయేలు (ఆది. 16:11). తన దుఃఖము యెహోవా వినెనని లేయా తన కుమారునికి షిమ్యోను అని పేరు పెట్టెను (ఆది. 29:33). ఆ షిమ్యోనే క్రొత్త నిబంధనలో సీమోను. మన సంఘములలో ఈ పేరుగల సహోదరులు ఎందరో ఉన్నారు. సీమోను పేతురు గెత్సేమనేలో ఏమి చేసెను? కత్తి దూసి మల్కు చెవిని తెగనరికెను (యోహాను 18:10). వినుట అను పేరుగలవాడే ఎదుటివాని చెవిని నరికివేసెను! ప్రభువు ఆ చెవిని ముట్టి బాగుపరచెను (లూకా 22:51). కోపముతో మనము పలుకు మాటకూడ అట్టి కత్తియే. దానిచేత ఎదుటివాని చెవి తెగిపోవును. ఆ తరువాత మనము సువార్త చెప్పినను అతడు వినలేడు. ఆ చెవిని మరల అతికించుటకు ప్రభువే రావలెను.

గ్రీకు భాషలో వినుట 'అకౌవో'. దానికి ముందు 'క్రింద' అను అర్థముగల చిన్న మాటను చేర్చినయెడల 'హుపకౌవో' అగును. అనగా చెప్పువాని క్రింద నిలిచి వినుట, లోబడుట. పౌలు రోమా పత్రిక ఆరంభమున చెప్పు విశ్వాస విధేయత (1:5) ఈ మాటనుండి పుట్టినదే. వినుటవలన విశ్వాసము కలుగునని ఆయనయే అదే పత్రికలో వ్రాసెను (10:17). లాటినులోను అంతే. విధేయతకు ఆంగ్లమున నేడు వాడు 'ఒబే' అను మాట, వినుట అను అర్థముగల లాటిను మాటనుండియే పుట్టినది. హెబ్రీ, గ్రీకు, లాటిను, తెలుగు – ఇన్ని భాషలు ఒకే సాక్ష్యము పలుకుచున్నవి. విని లోబడనివాడు ఇంకను వినలేదు.

4. అక్షరముల తారుమారు

ఇప్పుడు ఆ ఆరు అక్షరములయొద్దకు వత్తము. ఒక మాటలోని అక్షరములను ఒకటియు విడువక, ఒకటియు చేర్చక, వరుస మాత్రము మార్చి మరియొక మాట చేయుటను ఆంగ్లమున 'అనగ్రామ్' అందురు. తెలుగులోను ఇట్లు చేయవచ్చును. 'తల'ను త్రిప్పినయెడల 'లత' అగును. 'కరము' అను మాటలో మొదటి రెండక్షరములు స్థానము మార్చుకొనినయెడల 'రకము' అగును.

భక్తులకు అక్షరములతో ఆడుట క్రొత్త కాదు. 119వ కీర్తన హెబ్రీ భాషలోని 22 అక్షరముల వరుసను పట్టి, ఒక్కొక్క అక్షరమునకు ఎనిమిదేసి చొప్పున 176 వచనములుగా కూర్చబడినది. జ్ఞాపకముంచుకొనుటకు అది సహాయము. పూర్వపు క్రైస్తవ పండితులు లాటినులో ఒక చమత్కారము చేసిరి. సత్యమనగా ఏమిటని పిలాతు ప్రభువును అడిగెను గదా (యోహాను 18:38). లాటిను భాషలో ఆ ప్రశ్నలోని అక్షరములనే తారుమారు చేసినయెడల, నీ యెదుట నున్న మనుష్యుడే అను జవాబు వచ్చును. పిలాతు ప్రశ్న అడిగి, జవాబు వినక బయటికి వెళ్లిపోయెను. జవాబు అతని యెదుటనే నిలిచియుండెను.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. 1610వ సంవత్సరమున ఇటలీ దేశపు గలిలెయో దూరదర్శినితో శని గ్రహమును చూచి, అది మూడు భాగములుగా కనబడుచున్నదని గ్రహించెను. ఇతరులు ఆ సంగతిని తమదని చెప్పుకొనకుండునట్లు, ఆ వాక్యములోని అక్షరములను కలగలిపి పంపెను. కెప్లరు అను గొప్ప ఖగోళ పండితుడు ఆ అక్షరములను తనకు తోచినట్లు పేర్చి, అంగారకునికి రెండు చంద్రులున్నవని గలిలెయో చెప్పినట్లు భావించెను. గలిలెయో చెప్పినది శనిని గూర్చి. కెప్లరు చదివినది అంగారకుని గూర్చి! ఇందులో ఇంకొక వింత కలదు. అంగారకునికి రెండు చంద్రులున్న మాట నిజమేయని 1877లో కనుగొనబడెను. అయినను గలిలెయో చెప్పినది అది కాదు. తోచినట్లు అక్షరములు పేర్చినవాని నోట నిజము పడినను, అది ఎదుటివాని మాట వినుట కానేరదు.

ప్రకటన గ్రంథములోని పేరులను, సంఖ్యలను త్రిప్పి త్రిప్పి రహస్యములు చెప్పు బోధకులు అప్పుడప్పుడు మన గ్రామములకు వచ్చుచుందురు. వారు చెప్పునది వినసొంపుగా నుండును. దేవుడు తన చిత్తమును అక్షరముల గారడిలో దాచలేదు. పామరునికిని తెలియునట్లు ప్రవక్తలద్వారా, అపొస్తలులద్వారా, తన కుమారునిద్వారా మాటలాడెను. కాబట్టి క్రింద చెప్పబోవు మాటలు ప్రమాణములు కావు. ఇవి గోడకు కొట్టిన చిలుకకొయ్యలవంటివి. వాటికి తగిలించు వస్త్రము లేఖనములోనిది.

5. ఆరు అక్షరములు, నాలుగు మాటలు

(అ) 'సైలెంట్' – మౌనముగా నుండుట. ఎస్, ఐ, ఎల్, ఇ, ఎన్, టి. ఇది లాటినునుండి వచ్చిన మాట. 'లిసన్'తో దీనికి పుట్టుకలో చుట్టరికము లేదు గాని అక్షరములు అవియే. మౌనము లేక వినుట లేదు. ఏలీయాకు హోరేబు కొండమీద పెనుగాలిలోను, భూకంపములోను, అగ్నిలోను దేవుడు ప్రత్యక్షము కాలేదు. అటుతరువాత వచ్చిన మెల్లని స్వరములో ఆయన మాటలాడెను (1 రాజులు 19:11–12). దేవుని మందిరమునకు పోవునప్పుడు వినుటకై సమీపింపవలెననియు, మాటలు కొద్దిగా నుండవలెననియు ప్రసంగి బోధించుచున్నాడు (5:1–2). మన ప్రార్థనలను పరీక్షించుకొందము. అరగంట ప్రార్థించి, ఆమేన్ అనిన వెంటనే లేచిపోవుచున్నాము. వైద్యునికి రోగమంతయు చెప్పుకొని, ఆయన మందు పేరు చెప్పకముందే ఇంటికి నడచిన రోగివలె నున్నాము.

అయితే ప్రతి మౌనమును మంచిది కాదు. అలిగి మాటలాడకుండుట మౌనము కాదు, అది మాటలేని పోట్లాట. అన్యాయము జరుగుచుండగా ఊరకుండవద్దని మొర్దెకై ఎస్తేరును హెచ్చరించెను (ఎస్తేరు 4:14). షోమ్రోను గవిని దగ్గరనున్న కుష్ఠరోగులు శుభవార్త కలిగియుండి ఊరకుండుట తగదని లేచిరి (2 రాజులు 7:9). వినుటకు మౌనము, వినిన తరువాత సాక్ష్యము – ఇది క్రమము.

(ఆ) 'ఇన్లెట్స్' – నీరు లోపలికి వచ్చు దారులు. ఐ, ఎన్, ఎల్, ఇ, టి, ఎస్. సముద్రపు నీరు భూమిలోనికి చొచ్చుకొని వచ్చు సన్నని పాయలకు ఈ పేరు. మనకు దగ్గర పోలిక చెప్పవలెనన్న చేనికి నీరు పెట్టు మడవ. కాలువనిండ నీరు పారుచున్నను మడవ తెరువనివాని చేను ఎండిపోవును. కాలువను నిందించుట వ్యర్థము. 40వ కీర్తన 6వ వచనమున దేవుడు చెవులు ఏర్పరచెనని దావీదు చెప్పుచున్నాడు. అక్కడి హెబ్రీ మాటకు 'త్రవ్వుట' అని అర్థము. ఇస్సాకు దాసులు బావి త్రవ్విరని చెప్పుచోటను (ఆది. 26:25) ఆ మాటయే ఉన్నది. దేవుడు మనకు చెవిని త్రవ్వి యిచ్చెను. దానిలో పూడిక చేరనీయకుండుట మన పని. అయితే లూదియ హృదయమును ప్రభువే తెరచెను (అపొ. కా. 16:14). కావున వాక్యము వినకముందు, ప్రభువా, మడవ తెరువుమని అడుగుట మంచిది.

(ఇ) 'టిన్సెల్' – తళుకు. టి, ఐ, ఎన్, ఎస్, ఇ, ఎల్. ఇది నిప్పురవ్వ అను అర్థముగల ఫ్రెంచి మాటనుండి వచ్చినది. మొదట జరీ కలిపి నేసిన వస్త్రమునకు ఈ పేరుండెను. తరువాత క్రిస్మసుకు మనము గుడిలో కట్టు మెరుపు కాగితపు తోరణములకు వచ్చెను. మెరుపు ఎక్కువ, వెల తక్కువ. వినుటలోను ఇట్టి తళుకు కలదు. యెహెజ్కేలు 33:31–32 చదువుడి. జనులు ప్రవక్తయెదుట కూర్చుండిరి, విని ఆనందించిరి, మంచి గాయకుని పాట విన్నట్లు వినిరి. చేయుట మాత్రము లేదు. "అయ్యగారూ, ఈ దినము వాక్యము చాల బాగున్నదండీ" అని చెప్పి, గుడి మెట్లు దిగకముందే పాత కొండెము మరల ఎత్తుకొనినయెడల, మన వినుట మెరుపు కాగితమే. పండుగ కాగానే దానిని ఊడ్చి పారవేయుదుము గదా.

(ఈ) 'ఎన్లిస్ట్' – సైన్యములో పేరు వ్రాయించుకొనుట. ఇ, ఎన్, ఎల్, ఐ, ఎస్, టి. పేర్ల జాబితాలో ఎక్కుట దీని భావము. మంచి సైనికుడు తన్ను దండులో చేర్చుకొనినవానిని సంతోషపెట్టుటకే చూచునని పౌలు తిమోతికి వ్రాసెను (2 తిమోతి 2:3–4). సైనికునికి వినుట ప్రాణాధారము. ఆజ్ఞ వినక ముందుకు పోయినవాడును, విని వెనుక నిలిచినవాడును నష్టపడుదురు. ప్రభువు మాట విని చేయువాడు బండమీద ఇల్లు కట్టినవాడు. విని చేయనివాడు ఇసుకమీద కట్టినవాడు (మత్తయి 7:24–27). ఇద్దరును వినినవారే. వాన వచ్చినప్పుడే భేదము తెలిసినది.

ఈ నాలుగు మాటలను వరుసగా చేర్చి పిల్లలకు నేర్పవచ్చును: మౌనముగా నుండుము, మడవ తెరువుము, తళుకు విడువుము, దండులో చేరుము.

6. ఒకరి మాట ఒకరు వినుట

దేవుని మాట వినువాడు సహోదరుని మాటను వినును. కనబడు అన్న మాట విననివాడు కనబడని దేవుని మాట వినుచున్నానని చెప్పుట నమ్మదగినది కాదు. వినుటకు వేగిరపడవలెననియు, మాటలాడుటకు నిదానింపవలెననియు యాకోబు చెప్పెను (1:19). సంగతి వినకముందు జవాబు చెప్పువాడు మూఢుడై సిగ్గుపడునని సామెతలు 18:13 బోధించుచున్నది.

నేను సేవచేసిన ఒక గ్రామమున అన్నదమ్ములిద్దరు పొలము గట్టు విషయమై మూడు సంవత్సరములు మాటలు మానివేసిరి. ఇద్దరును గుడికి వచ్చుచుండిరి. ఒకడు ముందు వరుసలోను, ఒకడు తలుపు దగ్గరను కూర్చుండువారు. ఈస్టరు పండుగకు ముందు సంఘ పెద్దలు వారిని కూర్చుండబెట్టిరి. ఒకడు మొదలు పెట్టగానే రెండవవాడు అడ్డుపడుచుండెను. చివరకు ఒక వృద్ధ పెద్ద ఒక నియమము పెట్టెను. అన్న చెప్పినదానిని తమ్ముడు తిరిగి చెప్పవలెను. "అవును, నా మాట అదే" అని అన్న ఒప్పుకొనువరకు తమ్ముడు జవాబియ్యరాదు. పిమ్మట తమ్ముడు చెప్పినదానికి అన్నయు అట్లే చేయవలెను.

తమ్ముడు మూడుసార్లు తిరిగి చెప్పెను. మూడుసార్లును అన్న కాదనెను. నాలుగవసారి అన్న గొంతు మారెను. "గట్టు సంగతి పోనియ్యి. అమ్మ మంచాన పడినప్పుడు నాకు ఆలస్యముగా కబురు పంపితివి. ఆమె చివరి మాట నేను వినలేదు" అనెను. తమ్ముడు చాలసేపు ఊరకుండెను. తరువాత, "అమ్మ చివరి మాట వినలేకపోతినని నీకు బాధగా ఉన్నది, అన్నా" అని తిరిగి చెప్పెను. "అవును, అదే" అని అన్న ఏడ్చెను. గట్టు కొలత తేలుటకు ఇంకను రెండు మాసములు పట్టెను. అయితే ఆ ఈస్టరు దినమున వారిద్దరు ప్రక్కప్రక్కన మోకరించి ప్రభురాత్రి భోజనములో పాలుపొందిరి. మూడు సంవత్సరములు వారు గట్టును గూర్చి అరచుకొనిరి. వారి నడుమనున్నది గట్టు కాదని తెలియుటకు ఒక గంట వినుట చాలెను.

మన ఇండ్లలో ఇట్టివారు ఎవరున్నారు? ఒకే సంగతిని పదిసార్లు చెప్పుచున్నదని మనము విసుగుకొను ముసలి తల్లి ఉన్నది. ఆమె పదకొండవసారి చెప్పుట ఎవరును ఒకసారియైన వినలేదని ఆమెకు తోచినందుననేమో! బడినుండి వచ్చి ఏదో చెప్పబోయి, ఫోను చూచుచున్న తండ్రి ముఖము చూచి వెనుకకు పోవు పిల్లవాడు ఉన్నాడు. సమూయేలు పిల్లవాడే. ఏలీ ముసలివాడై, కన్నులు మందగించి, ఇంటిని దిద్దుకొనలేనివాడైనను, రాత్రి మూడుసార్లు లేపిన పిల్లవానిని కసరలేదు. అతని మాట విని, పిలుచుచున్నవాడు యెహోవాయని గ్రహించి, ఏమని జవాబియ్యవలెనో నేర్పెను. ఏలీ వినినందున సమూయేలు వినుట నేర్చుకొనెను.

ఆసియలోని ఏడు సంఘములకు వ్రాయబడిన ఏడు పత్రికలలోను, చెవిగలవాడు ఆత్మ చెప్పు మాట వినవలెనను హెచ్చరిక ఒక్కొక్క మారు వచ్చుచున్నది (ప్రకటన 2, 3 అధ్యాయములు). వారు సంఘస్థులే, ఆరాధించువారే. అయినను ఏడు మారులు చెప్పవలసి వచ్చెను. మనకు ఎన్ని మారులు చెప్పవలెనో ప్రభువుకే తెలియును. ఆయన విసుగక ఇంకను పిలుచుచున్నాడు.

గృహకూటములలో చర్చించుటకు ప్రశ్నలు

1. వినబడుటకును వినుటకును గల భేదమును మీ యింటి సంగతులనుండి ఒక ఉదాహరణతో చెప్పుడి.
2. యెహెజ్కేలు 33:31–32ను యాకోబు 1:22–25తో పోల్చి చదువుడి. అద్దములో ముఖము చూచుకొని మరచిపోవువాడు ఎవరు?
3. గత ఆదివారపు వాక్యములో మీరు చేసి చూపిన మాట ఏది?
4. ఈ మాసములో మీరు కూర్చుండి, అడ్డుపడక, తుదివరకు వినవలసిన మనుష్యుడు ఎవరు? పేరు బయటికి చెప్పనక్కరలేదు. ప్రార్థనలో ప్రభువుతో చెప్పుడి.

పిల్లలకు: పైని నాలుగు ఆంగ్ల మాటలను పలకమీద వ్రాసి, ప్రతి మాటయెదుట దానికి తగిన బైబిలు వచనపు సంఖ్యను వ్రాసి, వచ్చు ఆదివారపు బడికి తీసికొని రండి.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మేము మొరపెట్టకమునుపే మా అవసరము ఎరిగియున్న దేవా, నీవు మా మాట విన్నంత ఓపికతో మేము నీ మాట వినునట్లు మా చెవులను తెరువుము. మా నోటికి మౌనమును, మా హృదయమునకు లోబడు మనస్సును దయచేయుము. మా యింటిలో ఎవరును తమ మాట వినువారు లేరని కన్నీరు విడువకుందురు గాక. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.